టేపు వేసిన నాబ్

మా ఆయనకి పెద్ద వస్తువులంటే పిచ్చి. మా డబ్బింగ్ స్టూడియోకి హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ కొనమంటే, ఇటుకరాయంత బరువున్నది మోసుకొచ్చి మురిసిపోయాడు. అప్పట్లో అది తప్పేం కాదు. మా పాత హెడ్‌ఫోన్లు ఉత్త మొద్దువి. బాగా పవర్ ఇస్తే గానీ నోరు విప్పేవి కావు. అందుకే ఆంప్ మీది సౌండ్ నాబ్‌ని మూడొంతుల దాకా తిప్పి, ఎవరూ కదపకుండా పైన టేపు వేశాడు. దాన్ని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానని అందరికీ చెప్పాడు కూడా.

ఈమధ్య కొత్త హెడ్‌ఫోన్లు తెచ్చాడు. నాజూగ్గా ఉన్నాయి. పెట్టె మీద రాసింది చదివితే నాకు భయం వేసింది. చిటికెడు పవర్ ఇస్తే చాలు, గొంతు చించుకునే రకం.

"వీటికి ఈ ఆంప్ చాలా ఎక్కువండీ. పెట్టేముందు నాబ్ పూర్తిగా తగ్గించాలి."

"పవర్ ఎక్కువుంటే నష్టమేంటే? వాటికి కావలసినంతే తీసుకుంటాయి."

"తీసుకోవడం కాదు, మనం ఎంత తోస్తే అంతా చెవిలో పడుతుంది. నేను చూసేదాకా ముట్టుకోకండి."

"సరేలే, పంతులమ్మా," అని నవ్వాడు.

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా స్టూడియోలో మా చెల్లే ముఖ్యమైన గొంతు. నేను బయట క్లయింటుతో మాట్లాడి వచ్చేసరికి, బూత్‌లో చెవులు మూసుకుని నేల మీద కూర్చుని ఉంది. పాతవి పీకి కొత్తవి తగిలించాడు మహానుభావుడు. నాబ్ టేపు కింద ఉన్నచోటే ఉంది. పైగా హీరోయిన్ కెవ్వుమనే చోట ప్లే నొక్కాడు.

"తనే సౌండ్ తగ్గించుకోవాల్సింది కదా!" అన్నాడు.

"ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నది ఎవరు? మా తాతా?" అని అరిచాను.

డాక్టరు రెండు చెవులూ దెబ్బతిన్నాయన్నాడు. మందులు వాడి చూద్దాం, వినికిడి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. చెవి లేకుండా తెర మీది పెదవులకి మాట ఎలా కలుపుతుంది? చెల్లికి వేరే పని రాదు, వద్దు కూడా.

ఆ సాయంత్రం మా ఆయన మందులు తేవడానికి వెళ్లాడు. చెల్లి సోఫాలో కూర్చుని రేపటి డైలాగులు తిరగేస్తోంది. అతను తిరిగొచ్చి ఆమె వెనకాలే నిలబడ్డాడు. మందుల సంచి నలుపుతూ, నేనెప్పుడూ వినని మెత్తటి గొంతుతో అన్నాడు.

"తప్పంతా నాదేరా. మీ అక్క మాట వినాల్సింది. ఈ బావని క్షమించవూ?"

చెల్లి పేజీ తిప్పింది. అతని మొహం ఎర్రబడింది.

"చూశావా పొగరు! నేనింత దిగొచ్చి అడుగుతుంటే తల కూడా తిప్పదే!" అని నామీద విరుచుకుపడ్డాడు.

నేను ఏమనేలోపే చెల్లి తలెత్తి నావైపు చూసింది. అవసరమైన దానికంటే గట్టిగా అడిగింది.

"ఏంటక్కా, అలా ఉన్నావ్? బావ ఇంకా రాలేదా?"