పడమటి గోడ

ముత్తురామన్ మంచానికీ పడమటి గోడకూ మధ్య జానెడు సందు కూడా లేదు. లారీ మీంచి పడి నడుము విరిగినప్పటి నుంచి అతని లోకమంతా ఆ మంచమే. తమిళనాట కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి సంగతి తెలిసిందే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నోళ్లు తెరుస్తుంది, పైనున్న ఇల్లు ఏమైపోతే దానికేం? ఆ ఏడు పునాది కుంగి గోడ నిలువునా బీటవారింది. మధ్యాహ్నమైతే పెనంలా కాలేది కూడా. మంచం జరుపుదామంటే ఉన్నది ఒంటి గది, అటు పొయ్యి, ఇటు గుమ్మం.

"ఏమే, ఇది నా మింద పడేటప్పుడు నువ్వు పనికి పోయుంటావు," అనేవాడు నవ్వుతూ. అతని భార్య గోవిందమ్మాళ్ ఆ నవ్వు వినలేక గబగబా గుమ్మం దాటేది. వెంబకోట్టై వైపు బాణసంచా ఫ్యాక్టరీలో ఆమె పని. రోజంతా అక్కడ చేతులు ఆడుతుండేవి గానీ మనసు ఈ బీట దగ్గరే ఉండేది.

తాపీమేస్త్రి అప్పాసామి ముత్తురామన్‌కు తమ్ముడి వరస. విరుదునగర్‌లో ఏదో శిక్షణకు వెళ్లొచ్చి ఉపాయం చెప్పాడు. "సున్నంలో టెంకాయ పీచు కలిపి ఒక పూత, దాని మింద గోనె సాక్కు పరిచి అదిమి, ఇంకో పూత. చీలిక నిలిచిపోతాది, ఎండా లోపలికి రాదు. సాక్కుల్ని మాత్రం బాగా కడగల్ల ఒదినె. ఉప్పుంటే సున్నం పట్టదు."

గోనెలకు కొదవేముంది? ఆ వీధిలో గుమ్మానికి పరిచేదీ కిటికీకి కట్టేదీ ఫ్యాక్టరీ గోనెలే. టపాకాయల మందులో కలిపే ఉప్పు, సురేకారం, వచ్చిన గోనెల్ని ఆడవాళ్లు వేపచెట్టుకేసి నాలుగు బాదులు బాది ఇంటికి తెచ్చుకునేవాళ్లు. దులిపితే శుభ్రమైనట్టే లెక్క. గోవిందమ్మాళ్ కూడా అలాగే దులిపింది. కడగడానికి మాత్రం నీళ్లేవి? ఆ వారం కుళాయి రాలేదు. డ్రమ్ములో అడుగున ఉన్న నీళ్లు చూసింది, మంచంలో ఒరుసుకుపోయి పుండ్లు పడ్డ మొగుడి వీపు చూసింది.

"కడిగితివా ఒదినె?" అన్నాడు అప్పాసామి, సున్నం కలుపుతూ.

"కడిగినా."

అబద్ధమాడానన్న బెంగ కూడా ఆమెకు లేదు. గోడ నిలిస్తే చాలు.

గోడ నిలిచింది. బీట మళ్లీ కనబడలేదు. వేసవి ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కూడా ముత్తురామన్ గోడకు చెయ్యి ఆనించి, "రొంబ సల్లగా ఉండాది పిల్లా," అని మురిసిపోయేవాడు. పెళ్లైన కొత్తలో పిలిచినట్టు పిల్లా అన్నాడని ఆమె ఆ రోజంతా గాలిలో తేలింది. వానలకు ఆ గోడలోని దీపపు గూటి చుట్టూ తెల్లగా ఉప్పు పూసి, అంచున సున్నం రాలి, గోనె పోగులు బయటపడ్డాయి. పండగ పోయాక పూయిద్దాంలే అనుకుంది.

కార్తీక దీపాల సాయంత్రం వీధంతా ప్రమిదలు పెడుతుంటే ముత్తురామన్, "నాకూ ఒకటి పెట్టవే," అన్నాడు. ఆమె గూట్లో దీపం వెలిగించి, మిగతావి పట్టుకుని వాకిట్లోకి వెళ్లింది. రెండు ప్రమిదలు పెట్టిందో లేదో వెనకనుంచి చిరచిరమని వినబడింది. ఫ్యాక్టరీలో రోజూ వినే శబ్దమే, వత్తి అంటుకున్న శబ్దం. తిరిగి చూసేసరికి నిప్పు గోనె పోగుల వెంట గోడలోంచే పాకి తాటాకు కప్పును అందుకుంది. మంటల్లో ఉన్న కప్పు కప్పుగానే మంచం మీద కూలింది. లోపలికి ఉరకబోయిన ఆమెను నలుగురు పట్టి ఆపారు. అతన్ని బయటికి తేవడం ఎవరి వల్లా కాలేదు.

తాటాకిల్లు, గాలికి దీపం ఒరిగి ఉంటుందని ఊరంతా అనుకుంది. కర్మలు అయ్యాక మిగిలిన గోడలు పడగొట్టడానికి అప్పాసామి గడ్డపార పట్టుకొచ్చాడు. మూడు గోడలు ఇట్టే ఒరిగాయి. పడమటిది మాత్రం ఎంత పొడిచినా కదల్లేదు. గూటి పైన నల్లగా కాలిన చార ఒక్కటే, తక్కిన గోడ చెక్కుచెదరలేదు. అతను ఆ చారలో వేలు పెట్టి, నాలుకకు తాకించి, ఉప్పగా తగిలితే ఉమ్మేశాడు.

"ఒదినె, సాక్కుల్ని కడిగితివి కదా?"

గోవిందమ్మాళ్ గోడకు అరచెయ్యి ఆనించింది. మిట్టమధ్యాహ్నం, అయినా చల్లగానే ఉంది.

"ఆ నీళ్లతో మీ అన్న వీపు కడిగినా," అంది.