జీతానికి బదులు వచ్చినదాన్ని

నేను ఒక పిండి రుబ్బే గ్రైండరును. పుట్టింది కోయంబత్తూరులో. పెళ్లి కానుకగా అనకాపల్లిలో ఒక మేడింటికి చేరాను. వాళ్లు నాకు పూలగుడ్డ కప్పి, మిక్సీతో పని కానిచ్చారు. ఆ ఇంట్లో వంట చేసే నూకరత్నం జీతం పెంచమని అడిగితే, యజమానురాలు జాలిపడి నన్నిచ్చింది. చోటు ఆక్రమించే వస్తువుల విషయంలో మనుషులకు దానగుణం తొందరగా పుడుతుంది.

నూకరత్నం మొగుడు సింహాద్రి, కూతురికి నడక రాకముందే సూరత్ వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఆమె ఒంటిచేతి సంపాదన అద్దెకు పోతే కూరకు అందేది కాదు. నేనొచ్చాక వంటపని మానకుండానే గుమ్మంలో దోసెపిండి అమ్మడం మొదలుపెట్టింది.

నా చప్పుడు పెద్దది. సూరత్ దాకా వినిపించిందేమో, ఒకరోజు సింహాద్రి సంచితో దిగాడు. గుమ్మంలో కుర్చీ వేసుకుని "మన యాపారం" అనసాగాడు. పప్పు కడగమంటే మాత్రం నడుంనొప్పి వచ్చేది. పిల్లకి నాన్నంటూ ఉంటాడులే అని నూకరత్నం ఊరుకుంది.

ఒక పొద్దున ఆమె వంటకు వెళ్లగానే అతను ఫోనులో నన్ను బేరం పెట్టి, కొనేవాణ్ణి తీసుకురావడానికి బయల్దేరాడు. కూతురు మౌనిక అది వింది. పేరుకే మౌనిక. నా కడుపులోని రాయిని పైకి లాగి, దొర్లించుకుంటూ తీసుకుపోయి, చాప మీద పెట్టి దుప్పటి కప్పింది. పక్కన కూర్చుని విసనకర్రతో విసరసాగింది.

"రాయేదే?" అన్నాడు తిరిగొచ్చిన సింహాద్రి.

"నాకేటి తెల్దు. ఎదురింటి పాప తొంగుంది. లెగిస్తే ఏడుస్తాది, మెల్లగ మాటాడు."

ఆ మనిషి మునివేళ్ల మీద నడుస్తూ ఇల్లంతా వెతికాడు. కొనేవాడు నాలోకి తొంగిచూసి, "రాయి లేకపోతే ఇది ఉత్త గిన్నే గదా" అని వెళ్లిపోయాడు. నాకు నామోషీగానే ఉంది గానీ, ప్రాణం కుదుటపడింది.

నూకరత్నం వచ్చేసరికి సింహాద్రి ఇంకా అటక మీద వెతుకుతూనే ఉన్నాడు. సంగతి విని ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. పిల్ల చేతులు చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. రాయి కింద నలిగి గోళ్లు నల్లబడ్డాయి. వాటికి పసుపు రాసి, మొగుడి సంచి తెచ్చి వీధిలో పెట్టింది.

"మగదిక్కు లేని ఇల్లయిపోద్ది, సూసుకో," అన్నాడతను గుమ్మంలో నిలబడి.

"పిండికొచ్చేవోళ్లకి దారడ్డం. జరుగు," అంది నూకరత్నం.

అతను జరిగాడు. ఆమె రాయి ఎత్తి నాలో పెట్టి మీట నొక్కింది.

అద్దె కట్టిన రోజు ఆ ఇంట్లో ఇప్పటికీ పులుసు పలచబడుతుంది. నేనేమీ లంకెబిందెను కాను. కానీ నేను తిరుగుతున్నంతసేపూ మౌనిక నా మీద చెయ్యి వేసుకుని బడిపాఠాలు రాసుకుంటుంది. నా అదురుకి దాని అక్షరాలన్నీ వంకర్లు పోతాయి. టీచరమ్మ తిట్టినా అది చోటు మార్చదు.