ఒక అడుగు వెనక్కి

నేను ఫొటో తీసినవన్నీ ఒక అడుగు వెనక్కి జరుగుతాయి.

కెమెరా కొన్న కొత్తలో తీసిన ఉప్పు డబ్బా ఇప్పుడు వంటింటి గోడకి అవతల ఉంది. ఉప్పు కావాలంటే పక్కింటికి వెళ్లి, వాళ్ల దేవుడి గదిలోంచి తెచ్చుకుంటాను. వాళ్లు మంచివాళ్లు, ఏమీ అనుకోరు. మా గేటు రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. కాకినాడలో ఆటోలన్నీ దాన్ని చుట్టి వెళ్తాయి. మర్యాద తెలిసినవాళ్లు మాత్రం దిగి, గేటు తీసుకుని, మళ్లీ వేసి వెళ్తారు.

ఇవి కష్టాలు కావు. కష్టమల్లా మా ఆయన మురహరి గారితోనే. కొత్తగా కెమెరా పట్టినవాళ్లకి కదలకుండా కూర్చునే మనిషి దొరకడం అదృష్టం. పేపరు చేతిలో ఉంటే మా ఆయన పిడుగు పడినా కదలరు. అందుకని వెలుగు నేర్చుకోవడానికి ఆయన్నే తీశాను, నీడ నేర్చుకోవడానికీ ఆయన్నే తీశాను. ఆయన కుర్చీతో సహా హాల్లోంచి వరండాలోకి, వరండాలోంచి వీధిలోకి, వీధిలోంచి బీచ్ రోడ్డు మీదకి జరిగారు. ఇప్పుడు సముద్రం మీద ఉన్నారు. చేపల పడవలు దాటాక, పెద్ద ఓడలు ఆగే చోటికి కొంచెం ఇవతల, నీళ్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

ఫోను చేస్తే ఎత్తుతారు. గాలి బాగుందని, ఫ్యాను ఖర్చు లేదని చెప్తారు. మధ్యాహ్నం క్యారేజీ పడవవాళ్ల చేతికిచ్చి పంపిస్తాను. సాయంత్రం వాళ్లు ఖాళీ గిన్నెలు తెచ్చిచ్చి, పులుసులో ఉప్పు చాల్లేదన్నారండి అని చెప్తారు. ఉప్పు ఎక్కడుందో ఆయనకి తెలియదా ఏమిటి.

నా పనితనం పెరిగేకొద్దీ అడుగు కూడా పెరుగుతోంది. మొదట్లో జానెడు ఉండేది. తర్వాత వీధంత అయింది. ఇప్పుడు ఎంతుందో కొలవడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ఇంకొక్క ఫొటో తీస్తే ఆయన ఆకాశమూ నీళ్లూ కలిసే గీత దాటి అవతలికి పోతారు. అక్కడికి ఫోను అందదు, పడవలు పోవు. నాకు ఆయన కావాలి. అంతకంటే వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

కెమెరా పక్కన పెట్టెయ్యవచ్చు కదా అని అందరూ అంటారు. పెట్టి చూశాను. ఆ వారమంతా ఆయన వట్టి చూపుకే జరిగారు, కొంచెం కొంచెంగా. కెమెరా ఉన్నా లేకపోయినా నా చూపు అదే. అలాంటప్పుడు తెలిసినవాళ్లని అడగడమే మంచిదని, ఫొటోలు తీసేవాళ్ల ఆదివారం బృందానికి వెళ్తున్నాను.

బృందం ఆదిశేషు గారి డాబా మీద కూడుతుంది. ఆయన పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యారు. ఎత్తు నుంచి చూడటం అలవాటు కాబట్టి మాటలు కూడా పై నుంచి మెల్లిగా దించుతారు. ప్రతి ఆదివారం ఒక అంశం ఇస్తారు. వచ్చే ఆదివారానికి దాని మీద ఫొటోలు తీసుకొచ్చి, బట్టలారేసే తాడుకి క్లిప్పులతో తగిలించాలి. ఎవరి ఫొటోల వంతు వస్తే వాళ్లు నీళ్ల ట్యాంకు వైపు తిరిగి నిలబడాలి. మిగిలినవాళ్లందరూ చెప్పడం అయ్యేదాకా వెనక్కి చూడకూడదు, నోరు తెరవకూడదు. తన ఫొటో గురించి తనే చెప్పుకుంటే ఇంక ఫొటో ఏం చెప్తుందని ఆదిశేషు గారి వాదన.

అంశం ఇచ్చిన మర్నాటి నుంచి ఊరు దానికి లోబడుతుంది. ఎరుపు ఇచ్చిన వారం మిరపకాయల బస్తాలు, కోడిపుంజుల తురాయిలు, ఆటోల వెనక దీపాలు మా ఇళ్ల ముందు వరసలో నిలబడ్డాయి. వినపడేది అని ఇచ్చిన వారం నేను కుక్కరు కూతను తీశాను. అది బాగా వచ్చింది, నలుగురూ మెచ్చుకున్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో భోజనాలయ్యి, కంచాలు కడిగి బోర్లించాక కుక్కరు కూస్తోంది.

బృందంలో ఎవరి తిప్పలు వాళ్లవి. నసీమా డ్రాయింగ్ టీచరు. ఆవిడ ఏది తీసినా ఫొటో తడిసిపోతుంది. ఎండలో ఎండుమిరపకాయలు తీసినా చుక్కలు చుక్కలుగా కారుతుంది, కింద బకెట్ పెట్టాలి. సైలాస్‌ది బ్యాటరీల షాపు. ఆయన ఫొటోలు బరువు. తగిలించగానే తాడు నేల దాకా సాగుతుంది. ఫ్రేములో అన్నీ పెట్టాలని చూస్తున్నావు, ఒక్కటైనా వదులు అని అందరం చెప్పాం. ఆయన విన్నాడు. షాపుని వదిలేసి తీశాడు. ఫొటో దూదిలా తేలికగా వచ్చింది. షాపు కూడా అప్పటి నుంచి నేలకి బెత్తెడు ఎత్తున తేలుతోంది. గొలుసుతో కరెంటు స్తంభానికి కట్టుకున్నాడు, బేరాలు పెరిగాయట.

ఈ ఆదివారం నా వంతు. తాడుకి నావి నాలుగు వేలాడుతున్నాయి. ఒక గేదె, ఒక ప్లేటు ఇడ్లీలు, బస్టాండులో ఒక బస్సు, సముద్రం మీద మా ఆయన. నేను ట్యాంకు వైపు తిరిగి నిలబడతాను. ట్యాంకు లోపల నీళ్లు కూడా ఊపిరి బిగబట్టినట్టున్నాయి.

వెలుగు బాగుందని ఒకరంటారు. చుట్టూ వదిలిన చోటు బాగుందని ఇంకొకరంటారు. నాకు పొగడ్త అక్కర్లేదు. గోడ మీద సున్నం పెచ్చు చూస్తూ నిలబడతాను.

నసీమా దగ్గరికొచ్చి చూస్తున్న చప్పుడు వినపడుతుంది. తాడు వెంట ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్లి, మళ్లీ వెనక్కి వస్తుంది.

"వీటన్నిటికీ మెడలు పక్కకి తిరిగున్నాయండి" అంటుంది. "గేదె సరే. బస్సు కూడా అటే చూస్తోంది. ఇడ్లీలు కూడానండి."

అందరూ లేచి ఇడ్లీలు చూస్తారు. నిజమేనని ఒప్పుకుంటారు. మురహరి గారైతే పేపరుతో సహా అటు తిరిగిపోయారని, చెవి ఒక్కటే కనపడుతోందని సైలాస్ చెప్తాడు.

ఆదిశేషు గారు నన్ను ఇటు తిరగమని చెప్పకుండానే అడుగుతారు. "బటను నొక్కే ముందు ఏవంటావమ్మా?"

నేను ఆలోచిస్తాను. ఏమీ అనననే అనుకుంటున్నాను. నోరు మాత్రం తనంతట తానే జవాబు చెప్తుంది. "అటు చూడండి, అంటానండి."

నేను పగలు మెయిన్ రోడ్డులో ఒక ల్యాబులో రక్తం తీస్తాను. చేతికి రబ్బరు పట్టీ కట్టి, నరం దొరకపుచ్చుకుని, సూది గుచ్చే ముందు ఎవరికైనా ఆ మాటే చెప్తాను. అటు చూడండి. చిన్నపిల్లలకీ అదే, పహిల్వాన్లకీ అదే. వాళ్లు గోడ మీద క్యాలెండరు చూస్తుంటారు, పని అయిపోతుంది. ఆ మాట అనకుండా నా కుడిచేతి వేలు దేన్నీ నొక్కదు.

"మరి అటు చూడమంటే అటేగా ఎల్తారండి" అంటాడు సైలాస్. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఆదిశేషు గారు తాడు మీంచి నా ఫొటోలు ఒక్కొక్కటే తీసి చేతికిస్తూ వచ్చే వారం అంశం చెప్తారు. దగ్గర.

మర్నాడు ఊరంతా దగ్గరవుతుంది. మెయిన్ రోడ్డుకి అటూ ఇటూ ఉన్న షాపులు మధ్యకొచ్చి భుజాలు రాసుకుంటాయి. బట్టల షాపు సేల్స్‌మన్ తన చోట కూర్చునే ఎదుటి హోటల్లో టీ తాగుతాడు. సముద్రం ఒక్కటే ఉన్నచోట ఉంది.

నేను ఇంట్లో కొత్త మాట సాధన చేస్తాను. చెంచాని బల్ల మీద పెట్టి, కెమెరా ఎత్తి, ఇటు చూడు అంటాను. అనేలోపే నోట్లో పాత మాట దూరుతుంది. చెంచా గూట్లోకి పోతుంది, వెతికి తెచ్చుకుంటాను. మళ్లీ పోతుంది. నాలుక ఇంత మొండిదని నాకు తెలియదు. ఎట్టకేలకి ఒకసారి సరిగ్గా పలుకుతాను. చెంచా ఒక అడుగు ముందుకొచ్చి నా పాదం మీద పడుతుంది. నొప్పిగానే ఉంటుంది గాని, నాకు నవ్వొస్తుంది.

ల్యాబులో ఒకావిడకి కూడా అదే మాట చెప్తాను. ఇటు చూడండి. ఆవిడ సూదిని చూస్తుందనుకుంటాను. సూదిని చూడదు, నన్ను చూస్తుంది. గుచ్చుతున్నంతసేపూ నా మొహాన్నే చూస్తుంది. నేనే చూపు సూది మీదకి దించుకుంటాను. ఇన్నాళ్లూ జనం భయపడతారని మొహం తిప్పమంటున్నానని అనుకున్నాను. భయం వాళ్లది కాదు. నొప్పి పెట్టే చేతి వెనక ఎవరుందో వాళ్లకి తెలియడం నాకు భయం. దూది అదిమి పట్టుకుని, మీ పేరేంటండి అని ఆవిడ అడుగుతుంది. చెప్తాను. బాగుందంటుంది.

ఆ సాయంత్రం మా ఆయనకి ఫోను చేస్తాను. గాలిలో ఆయన మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది.

"నువ్వు కనపట్టం లేదు హైమా. లైట్‌హౌస్ మాత్రం కనపడతంది. నువ్వదేననుకుని అటే చూత్తన్నాను."

ఆదివారం దాకా పేపరు దించి ఉంచమంటాను. సరేనంటారు. ఇంకా ఏదో అంటారు గాని, నీళ్ల చప్పుడులో కలిసిపోతుంది.

ఆదివారం పొద్దున్న బృందమంతా డాబా మీదకి కాకుండా నాతోపాటు బీచ్‌కి వస్తుంది. నసీమా బకెట్ కూడా తెస్తుంది, అలవాటు. అలల అంచున నిలబడి కెమెరా ఎత్తుతాను. మా ఆయన చుక్కంత ఉన్నారు. ఆయన వెనకే ఆ గీత సన్నగా మెరుస్తోంది. చుక్కకీ గీతకీ మధ్య వెంట్రుక దూరేంత సందు లేదు. ఇప్పుడు నోరు జారితే ఇంక ఆయన లేరు.

నోరు తెరుస్తాను. పాత మాట మొదటి అక్షరం నాలుక చివర తయారుగా కూర్చుని ఉంది. మూసేస్తాను. వీపు మీద అందరి చూపులూ తగులుతున్నాయి. మా ఆయన లేకుండా ఇంటికి వెళ్లడం ఎలాగా అని ఆలోచన వస్తుంది, వెళ్లడం కుదరదని తేలుతుంది.

వెనక ఇసుక కదిలిన చప్పుడవుతుంది. కెమెరా దించకుండా ఓరకంట చూస్తాను. ఆదిశేషు గారు, సైలాస్, నసీమా, మిగిలినవాళ్లు, ఒక్కొక్కరే వెనక్కి తిరుగుతున్నారు. అందరూ సముద్రానికి వీపు పెట్టి, చేతులు కట్టుకుని, నోరు మూసుకుని, ఊరి వైపు చూస్తూ నిలబడతారు. వంతు నాదైనా, తిరిగి నిలబడింది వాళ్లు. నన్ను చూసేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు, ఒక్క ఆయన తప్ప.

"ఇటు చూడండి" అంటాను. నొక్కుతాను.

ముందు సముద్రం చూస్తుంది. పక్కకి కొట్టుకుంటున్న అలలన్నీ నా వైపు తిరిగి ఆగుతాయి. తర్వాత ఓడలు చూస్తాయి. ఆ తర్వాత చుక్క లేచి నిలబడి, ఒక అడుగు వేస్తుంది. ఆయన్ని వెనక్కి పంపిన అడుగులన్నిటినీ కలిపినంత అడుగది.

మా ఆయన నా కాళ్ల దగ్గర, తడి ఇసుక మీద ఉన్నారు. దగ్గరికైతే వచ్చారు గాని, దూరంలో ఎంత కనపడ్డారో అంతే ఉన్నారు. బియ్యపు గింజలో సగం. కుర్చీ అక్కడే వదిలేసి వచ్చారట. వంగి, వేలు ఆనిస్తే ఎక్కి నిలబడతారు. చెయ్యి మడిచి, ఆ వేలిని మొహం ముందుకి తెచ్చుకుంటాను. రోజూ మనుషుల వేళ్లు పట్టుకునే చెయ్యి నాది, అయినా ఇంత జాగ్రత్త ఎప్పుడూ పడలేదు. ఏడుపొస్తుంది. కన్నీటి బొట్టు పడితే ఆయన కొట్టుకుపోతారని మొహం పక్కకి తిప్పబోతాను.

"ఇటు చూడు హైమా" అంటారు. గొంతు మాత్రం ఎప్పటిదే, తగ్గలేదు. జేబులోంచి ఫోను తీస్తున్నారు. ఇన్నాళ్లూ నేనే తీశానని, ఇప్పుడు తన వంతని చెప్తారు.

నేను చూస్తాను. ఆయనకి నా మొహం ఫ్రేములో పట్టడం లేదు. ఒక అడుగు వెనక్కి వేస్తారు. వేలు మీంచి అరచేతిలోకి, అరచేతిలోంచి మణికట్టు మీదకి నడుస్తారు. ముక్కు పడితే గడ్డం పట్టడం లేదట, గడ్డం పడితే నుదురు. ఫోనులోకి చూసుకుంటూ వెనక్కి నడుస్తూనే ఉన్నారు. మడిచిన మోచెయ్యి అంచుకి వచ్చేశారు. అవతల ఏమీ లేదు.

"చాలండి. అక్కడే ఆగండి" అంటాను. "పట్టినంతే తియ్యండి."

ఆయన ఆగుతారు. కాసేపు చూసి, సరే అని నొక్కుతారు.

పట్టింది నా ఎడమ కన్ను ఒక్కటే. అది రెప్పతో సహా ఒక అడుగు ముందుకి జరిగి, అలల మీద, గాలిలో తడిగా నిలబడుతుంది. తర్వాత మెల్లిగా ఇటు తిరుగుతుంది. అక్కడి నుంచి మేమిద్దరం నాకు కనపడుతున్నాం. చెయ్యి ఎత్తి పట్టుకుని నిలబడిన ఒక మనిషి, ఆ చేతి మీద ఇంకో మనిషి. చాలా దగ్గరగా ఉన్నాం.