ఒకే గొంతు

సామిల్లులో ఆయన్ని అందరూ పెద్ద మేస్త్రి అనేవారు. మనిషి కొండంత, మాట పిసరంత. ముప్ఫై ఏళ్లు దుంగలు కోసి కూడా పది వేళ్లూ పదిలంగా ఉన్నవాడు ఆ మిల్లులో ఆయనొక్కడే. ఆయన కింద పనిచేసే ఇద్దరూ ఇంటివాళ్లే. ఒకడు సొంత తమ్ముడు, రెండోవాడు భార్య తమ్ముడు. పెళ్లినాటికి ఆ బావమరిది ఆరేళ్లవాడు, తల్లీ తండ్రీ లేనివాడు. అక్కతోపాటే వచ్చి బావ భుజాల మీద పెరిగాడు.

రంపం నడపడానికి మేస్త్రి పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. మీట దగ్గరున్నవాడు "చేతులు!" అని కేకవేయాలి. కిందున్నవాడు "తీశా!" అనాలి. ఆ జవాబు వినబడ్డాకే మీట నొక్కాలి.

ఒకరోజు పొద్దున రంపం కింద చెక్కముక్క ఇరుక్కుంది. తమ్ముడు వంగి దాన్ని పీకుతుండగా బావమరిది మీట నొక్కాడు. రంపం మోచేతి దగ్గర అందుకుని భుజం దాకా లాక్కుపోయింది. ఎముక తెగిన చప్పుడు పచ్చికట్టె తెగినట్టే ఉంది. కిందున్న రంపపు పొట్టు ఎర్రటి ముద్దయింది. ఆసుపత్రి దారిలో అన్న ఒళ్లో పడుకుని, "నా చెయ్యి ఏది అన్నా, చెయ్యి ఏది" అని అడుగుతూ అడుగుతూనే తమ్ముడు పోయాడు.

సమాధి చేసి వచ్చిన మర్నాటి నుంచి మేస్త్రికి ఒక మాట వినపడసాగింది. తెల్లవారుజామున ప్రార్థనకు మోకరిస్తే చాలు, చెవిలో ఎవరో కూర్చున్నట్టు పలికేది. నువ్వే చంపావు. నీ ప్రార్థన నాకు కంపు. ఇందులో ఆయన ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ పొద్దున బయట లారీ నిలబడి ఉంటే, "కబుర్లు చాలించి తొందరగా కానివ్వండి" అని ఆ ఇద్దరినీ గదమాయించింది ఆయనే. పోలీసులకు చెప్పేటప్పుడు ఆ ముక్క మింగేశాడు. 

రెండు వారాలకు మాట మారింది. చంపింది నువ్వు కాదు, మీట నొక్కినవాడు. నీ తమ్ముడి నెత్తురు మట్టిలోంచి నాకు మొరపెడుతోంది. నిన్ను నా చేతికర్రగా ఎంచుకున్నాను, లే. బైబిలు వాక్యం తెలిసిన మాట అది, అడిగిన చోటల్లా వాక్యం అప్పజెప్పేది. మేస్త్రికి ఒళ్లంతా తేలికైంది. తన నెత్తిమీది దుంగను ఎవరో దించి వేరేవాడి నెత్తిన పెట్టినట్టనిపించింది. దేవుడు కాకపోతే అంత ఉపకారం ఎవరు చేస్తారు?

అయినా మనసు పీకి, చర్చి సంఘంలో ఉన్న, బట్టలు కుట్టే పెద్దమ్మ దగ్గరికి వెళ్లాడు. బావమరిది ఊసెత్తకుండా, దేవుడు మాట్లాడుతున్నాడని ఎలా తెలుస్తుందని అడిగాడు. ఆమె పళ్లతో దారం తెంపి, ఆయన ముఖంలోకి చూసింది.

"ఎదురు ప్రశ్న వేసి చూడు నాయనా. ఆయనైతే కోప్పడడు. తొందరా పెట్టడు."

మేస్త్రికి ఆ జవాబు నచ్చలేదు. ముసలామెకు చాదస్తం అనుకుని వచ్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం, అందరూ అన్నాలకు వెళ్లిన వేళ, మిల్లులోకి నడిచాడు. తమ్ముడు పోయాక ఆయన అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. బావమరిది ఒక్కడే కూర్చుని ఆకురాయితో రంపం పళ్లకు పదును పెడుతున్నాడు. బావను చూసి లేచాడు. "బావా" అనబోయాడు. మేస్త్రి గోడకు వేలాడుతున్న దుంగలు లాగే కొక్కెం తీసి, దాని పిడితో దవడ మీద కొట్టాడు.

రెండు పళ్లు నేలమీద పడ్డాయి. రెండో దెబ్బకు మోకాలు విరిగింది. కుర్రవాడేమీ కాదు, ఇరవై ఆరేళ్ల ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. మొదట చేతులు అడ్డం పెట్టాడేగాని బావ మీదికి ఎత్తలేదు. మూడో దెబ్బకు ప్రాణభయం పుట్టి, దొరికిన చెక్క పట్టుకుని బావ నుదుటి మీద బాదాడు. కళ్లలోకి నెత్తురు కారింది. మేస్త్రి దాన్ని తుడుచుకోనైనా లేదు. మీదపడి, జుట్టు పట్టి, ముఖాన్ని రెండుసార్లు నేలకేసి మోదాడు. కొక్కెం మొనను భుజం కండలో దింపి దుంగను ఈడ్చినట్టే ఈడ్చాడు. దారి పొడుగునా పొట్టులో ఎర్రటి చారపడింది. కుడిచేతిని రంపం బల్ల మీద పరిచి, తన మోకాలితో అదిమిపెట్టి, మీట నొక్కాడు. రంపం కూత అందుకుంది.

పెట్టు, అంది ఆ మాట. ఇదే చెయ్యి. పెట్టు.

"ఎందుకు కేకెయ్యలేదురా?" అని అరిచాడు మేస్త్రి.

"కేకేశాను బావా." పగిలిన నోటితో మాట ముద్దముద్దగా వచ్చింది. "జవాబు రాలేదు. ఆగలేదు నేను. నువ్వు తొందర పెడుతున్నావని ఆగలేదు."

బావమరిదికి ఆ సంగతి తెలుసు. ఇన్నాళ్లూ పోలీసులకూ, అక్కకూ, ఎవరికీ చెప్పకుండా తానూ కడుపులో పెట్టుకునే ఉన్నాడు.

మేస్త్రి చెయ్యి ఒక్క క్షణం సడలింది. "ప్రభువా, ఇది నువ్వేనా?" అని పైకే అడిగాడు. ఆ మాట మండిపడింది. నన్నే అడుగుతావా? ఆలోచించకు. ఊఁ, ఇప్పుడే. అన్నం వేళ అయిపోతోంది.

అప్పుడు ఇంకోటి వినపడింది. అది చెవిలో కాదు. అంత రంపం హోరులోనూ కేక వేయవలసిన పని దానికి లేకపోయింది.

నీ తమ్ముడు ఎక్కడ?

మట్టిలో ఉన్నాడు, నీకు తెలియదా, అనుకున్నాడు కసిగా. మళ్లీ అదే ప్రశ్న, వాక్యంలో దేవుడు తమ్ముణ్ణి చంపిన అన్నను అడిగిన ప్రశ్న. విసుగు లేదు, తొందర లేదు. జవాబు వచ్చేదాకా ఎంతసేపైనా నిలబడి ఉండేట్టుంది. మేస్త్రి తల వంచి చూశాడు. తన మోకాలి కింద, రంపానికి బెత్తెడు దూరంలో, తాను భుజాలకెత్తుకుని పెంచినవాడు. ఆ వాక్యం వింటూ ఇన్నాళ్లూ తాను చచ్చినవాడి పక్షాన ఉన్నాననుకున్నాడు. నిలబడింది చంపినవాడి చోట.

మీట పైకెత్తేశాడు.

రంపం ఆగీ ఆగకముందే మొదటి మాట మళ్లీ లేచింది. చూశావా నీ బతుకు. నెత్తురు తాగినవాడివి. నీకిక దేవుడు లేడు. మీట నొక్కి నీ మెడ పెట్టు, పీడా పోతుంది.

మేస్త్రి అలాగే కూలబడి విన్నాడు. నువ్వు నా చేతికర్రవన్నదీ, నీకిక దేవుడు లేడన్నదీ ఒకే గొంతు. పొగిడినప్పుడూ అదే, పాడె కట్టినప్పుడూ అదే. ప్రార్థన కంపన్నదీ అదే. ఎటు తిప్పినా చావు దగ్గరికే తోలింది తప్ప, ఒక్కసారైనా నిజం చెప్పమని అడగలేదు.

"నువ్వు ఆయన కాదు" అన్నాడు. కొక్కెం ఊడబీకి, చొక్కా చింపి గాయానికి అదిమికట్టి, బావమరిదిని భుజాన వేసుకుని రోడ్డుకు పరుగెత్తాడు.

ఆసుపత్రిలో అప్పగించి, నెత్తురు బట్టలతోనే స్టేషనుకు వెళ్లాడు. కొట్టిన సంగతీ చెప్పాడు, ఆ పొద్దుటి తొందర సంగతీ చెప్పాడు. రెండోది రాసుకుంటూ పోలీసాయన, అది మిమ్మల్ని ఎవరూ అడగలేదే, అన్నాడు. అడిగారండి, అన్నాడు మేస్త్రి.

రెండేళ్ల శిక్ష పడింది. జైల్లో ఆ మొదటి మాట రాని రోజు లేదు. వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని ఎదురడిగేవాడు. అది తిట్లకు దిగగానే లేచి వెళ్లి పనిలో పడేవాడు. రెండోది మాత్రం అరుదుగా వచ్చేది. ఒకసారి వచ్చి, మీ ఆవిడకు ఉత్తరం రాయి, అంది. అక్షరాలు సరిగా రాకపోయినా నాలుగు రోజులు కూర్చుని రాశాడు.

విడుదలైన రోజున గేటు దగ్గర భార్య నిలబడి ఉంది.

"ఇంటికి రండి. మా తమ్ముడొచ్చినప్పుడు మాత్రం మీరు బయట కూర్చోవాలి. మిమ్మల్ని చూస్తే వాడికి ఇంకా వణుకొస్తుంది."

ఆయన తలూపాడు. అలాగే ఏడు నెలలు గడిచాయి. బావమరిది కుంటుకుంటూ రావడం, మేస్త్రి లేచి మెట్ల మీదికి పోవడం. ఎనిమిదో నెలలో ఒక ఆదివారం, వానపడుతుండగా, మెట్ల మీదున్న ఆయన వెనక తలుపు తెరుచుకుంది.

"తడుస్తున్నావు" అన్నాడు బావమరిది. వంకరగా అతికిన దవడతో ఆ ఒక్క మాటకే కష్టపడ్డాడు. బావా అనలేదు. కాని తలుపు వెయ్యకుండా, అటు తిరిగి లోపలికి నడిచాడు.