బస్సుకూ నేలకూ మధ్య

నేను ఒక చెక్క పీటను. పెళ్ళిపీటను కాను, పూజపీటను అసలే కాను. నాలుగు పొట్టి కాళ్ళు, పైన రెండు పలకలు, జానెడు కన్నా కాస్త ఎక్కువ ఎత్తు. ఇంతే నా ఆకారం. మీరు నాలాంటిదాన్ని ఎక్కడో చూసే ఉంటారు గాని గుర్తుండదు. కాలి కింద ఉన్నదాన్ని ఎవరూ తేరిపార చూడరు కదా!

నా చెక్క ఈ దేశంలో పెరిగింది కాదట. విశాఖ రేవులో ఓడ మీంచి దిగిన ఏదో పెద్ద యంత్రానికి రక్షణగా బిగించిన పెట్టెలో నేనూ ఒక ముక్కను. యంత్రం దండలు వేయించుకుని ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. దాన్ని సముద్రాలు దాటించిన పెట్టెను మాత్రం గునపాలతో విరగ్గొట్టి కుప్పలో పడేశారు. ఆ కుప్పలోంచి అప్పలాచారి అనే వడ్రంగి నన్ను ఏరుకున్నాడు. చిత్రిక పట్టి, కాళ్ళు బిగించి, తానే ఎక్కి రెండుసార్లు గెంతి చూశాడు. "ఓడెక్కొచ్చిన సెక్క. ఏనుగెక్కినా ఇరగదు" అని మురిసిపోయాడు.

నన్ను మొదట కొన్నది ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం. వాళ్ళింట్లో నా పని అటక అందించడం. మనుషులకు అటక ఎందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అక్కర్లేని వస్తువులను నా మీద ఎక్కి పైన దాస్తారు. కొన్నాళ్ళకు మళ్ళీ నా మీదే ఎక్కి కిందికి దించి, దుమ్ము దులిపి, "ఉండనీలే" అని మళ్ళీ పైనే పెడతారు. చివరికి వాళ్ళు అటక లేని ఫ్లాటుకు మారుతూ, కిటికీ తెరలు కుట్టడానికి వచ్చిన నూకరత్నానికి నన్ను ఇచ్చేశారు.

నా అసలు జీవితం అక్కడ మొదలైంది.

నూకరత్నానికి యాభై దాటాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు చినదేముడి ఇంట్లో ఒక గదిలో ఉండేది. ఊరి చివర సున్నపుబట్టీ స్టాపులో బస్సెక్కి, వన్‌టౌనులో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణానికి రోజూ వెళ్ళి వచ్చేది. ఇంట్లో ఆమె మాట్లాడేది తక్కువ. దుకాణంలో మాత్రం పదిమంది ఆడవాళ్ళ మధ్య కూర్చుని పగలబడి నవ్వేదట. సాయంత్రం ఇంటికొచ్చి నా మీద కాలు చాపుకుని, ఆ రోజు ఎవరేమన్నారో తలుచుకుని తనలో తానే నవ్వుకునేది.

ఒక ముసురు రోజు బస్సు ఆమెను పడేసింది. అలా అంటే బస్సుకు కోపం రావచ్చు. జరిగింది చెబుతాను. స్టాపు పక్కన గుంటలో నీళ్ళు నిలవడంతో డ్రైవరు బస్సును నడిరోడ్డు మీదే ఆపాడు. రోడ్డు పక్క గట్టు నుంచి ఎక్కితేనే కష్టమైన మెట్టు, రోడ్డు మీంచి నడుమెత్తు అయింది. ఆమె కమ్మీ పట్టుకుని మంచి కాలు పైకి వేసింది. రెండో కాలు ఇంకా గాల్లో ఉండగానే "రైట్ రైట్" వినిపించింది. బురదలో పడిన నూకరత్నాన్ని ఆటోలో ఇంటికి తెచ్చారు. మణికట్టు విరిగింది.

కట్టు ఉన్నన్నాళ్ళూ చినదేముడు అక్కకు దగ్గరుండి అన్నం కలిపి పెట్టాడు. మంచివాడే. కానీ కట్టు విప్పిన రోజు, "ఇంకెందుకక్కా ఆ బస్సుల్తో నీకు పాట్లు? మిషను ఇంటికాడే యేసుకో. ఈదిలో జాకెట్లు కుట్టుకో" అన్నాడు.

"జాకెట్లు కుట్టుకోవచ్చురా. మాటాడ్డానికెవరున్నారు?"

"మేం నేమేటి?"

"మీరు నా కాలు సూసి మాటాడతారు. అక్కడోళ్ళు నాతో మాటాడతారు."

నూకరత్నం గుమ్మంలో కూర్చుంది. తర్వాత నన్ను దగ్గరకు లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. నా పలకకు ఒక కన్నం పెట్టించి, కొబ్బరితాడు కట్టింది.

మర్నాడు నేను సున్నపుబట్టీ స్టాపులో ఉన్నాను. బస్సు రాగానే ఆమె నన్ను మెట్టు కింద పెట్టి, నా మీద ఎక్కి, అక్కణ్ణించి బస్సు ఎక్కి, తాడు పట్టి నన్ను పైకి లాగేసింది. బావిలోంచి చేద లాగినట్టే. బస్సంతా గొల్లుమంది.

"ఏటమ్మా, పీటల మీద పెళ్ళికా?" అన్నాడు కండక్టరు.

"పెళ్ళికొడుకు దొరికితే సెప్పు బాబూ, పీట రడీగా ఉంది" అంది నూకరత్నం.

ఆ నవ్వు వారం నిలవలేదు. ఒక ఉదయం చేపల కాసులమ్మ తట్ట దించి, "అప్పా, నీ పీట ఓసారి ఉంచు. నా మోకాళ్ళు నా మాట ఇనడం మానేసి సాలా రోజులైంది" అంది. తర్వాత లక్ష్మునాయుడు. జూట్ మిల్లులో పనిచేసి దిగిపోయిన ముసలాయన. రెండు మూత్రపిండాలూ పాడై, వారంలో మూడు రోజులు రక్తం శుద్ధి చేయించుకోవడానికి పెద్దాసుపత్రికి వెళ్ళేవాడు. అడగడానికి మొహమాటపడి నిలబడితే నూకరత్నమే నన్ను ఆయన ముందుకు జరిపింది. ఆ తర్వాత చంకలో బిడ్డలున్న తల్లులు, బిగుతు చీరలు కట్టిన బడి పంతులమ్మలు. అందరి కాళ్ళూ మోశాను. వయసు చెప్పడానికి మనుషులు మొహమాటపడతారు గాని, వాళ్ళ పాదాలు ఏదీ దాచవు.

అయితే ఇందరు నా మీదుగా ఎక్కేసరికి బస్సు ఆ స్టాపులో ఎక్కువసేపు ఆగాల్సి వచ్చింది. డ్రైవరు ఈశ్వరరావు మొదట హారను మోగించాడు. తర్వాత గొణిగాడు. ఆ తర్వాత స్టాపు దాటించి, చాలా ముందుకు పోయి ఆపడం మొదలుపెట్టాడు. పరిగెత్తగలిగినవాళ్ళు ఎక్కేవాళ్ళు. పరిగెత్తలేనివాళ్ళ కోసమే నేను పుట్టాను గనక, నేనూ వాళ్ళూ అక్కడే మిగిలిపోయేవాళ్ళం.

ఒకరోజు లక్ష్మునాయుడు పరిగెత్తాడు. ఆసుపత్రిలో తన వంతు మంచం ఇంకొకరికి పోతుందన్న భయంతో కర్ర పారేసి మరీ పరిగెత్తాడు. బస్సు చేతికందేలోపు కదిలిపోయింది. ఆయన రోడ్డు మీద కూలబడి, నోరు తెరుచుకుని ఊపిరి కోసం వెతుక్కున్నాడు. కాసులమ్మ చేపల మీద చల్లే నీళ్ళు ఆయన ముఖాన చల్లింది. నూకరత్నం ఆయన పారేసిన కర్ర ఏరి తెచ్చి చేతికిచ్చింది.

మర్నాడు బస్సు దూరంగా కనిపించగానే ఆమె నన్ను తీసుకెళ్ళి రోడ్డు మధ్యలో వేసింది. వేసి, నా మీద కూర్చుంది.

అంత పెద్ద బండి ముక్కు మా ముఖం దాకా వచ్చి ఆగింది. ఇంజను వేడి నా పలకలకు తగిలింది. ఈశ్వరరావు దూకి వచ్చాడు.

"ఏటమ్మా ఇది? సచ్చిపోవాలనుందా?"

"నాకు నేదు. నిన్న ఆ ముసలాయనకి మాత్రం ప్రాణం పోయి తిరిగొచ్చింది. నీకు తెలుసా?"

లోపలి నుంచి ఎవరో అరిచారు. "ఆఫీసుకి టైమైపోతంది, లాగేయండి ఆవిణ్ణి!"

ఈశ్వరరావు ఆ గొంతు వైపు కాదు, లక్ష్మునాయుడి వైపు చూశాడు. ఆయన కర్ర పట్టుకుని గట్టు మీద తలదించుకుని నిలబడ్డాడు, తప్పు చేసినవాడిలా. ఈశ్వరరావు కోపం జారిపోయింది. నూకరత్నం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నా తల్లిలాంటిదానివి, సెప్తే ఇను. ఈ సివర్నుంచి ఆ సివరికి ఇంతసేపట్లో ఎల్లాలని పైనోళ్ళు రాసిచ్చేశారు. రాసినప్పుడు రోడ్డు మీద ఇన్ని బళ్ళు నేవు. ఆలీసమైతే మెమో నాకిస్తారు. పొద్దున్నుంచి మూత్రానికి దిగడానిక్కూడా టైము నేదమ్మా నాకు. నామీద కేకలేస్తే ఏటొస్తాది?"

నూకరత్నం ఆ మనిషిని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. "అలాగైతే నిన్ను తిట్టుకోవడం నాదే పొరపాటు బాబూ. ఆ టైము రాసినాయన ఎక్కడ కూకుంటాడో సెప్పు."

అలా నేను డిపో మేనేజరు గదికి వెళ్ళాను. నూకరత్నం, కాసులమ్మ, లక్ష్మునాయుడు ముగ్గురూ వచ్చారు. మేనేజరు దురుసు మనిషి కాడు. కుర్చీలు వేయించి, "మీకేం కావాలో చెప్పండమ్మా" అన్నాడు. ఆ ప్రశ్న అంతవరకు వాళ్ళను ఎవరూ అడగలేదు. ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

ముందుగా కాసులమ్మ అంది: "కంపొస్తాదని నా తట్టని దించీకూడదు బాబూ. ఆ సేపలే మీ ఇళ్ళకొస్తాయి. అప్పుడు కంపు నేదు కదా."

లక్ష్మునాయుడు గొంతు సవరించుకున్నాడు. "బస్సు రాకపోతే రాదని ముందే తెలియాలండి. వస్తాది, వస్తాదని నిలబడ్డమే పానం తీస్తంది. రాదంటే ఎవర్నో ఒకర్ని బతిమాలుకుంటాను."

నూకరత్నం ఆఖర్న మాట్లాడింది. "గట్టు పక్కన ఆగాల. నాను కూకున్నాకే కదలాల. ఇంకోటుంది సార్." నన్ను ఎత్తి ఆయన బల్ల మీద పెట్టింది. "దీంతో నాకు పని నేకుండా పోవాల. సేతిలో పీట నేకుండా అందర్లాగే ఎక్కాలనుంది నాకు. తమాసాగా కాదు, మామూలుగా."

నా గురించి అలా అన్నందుకు నాకు కష్టం కలగలేదు. ఆ బల్ల మీద నిలబడి ఆ గదిలో అందరికన్నా నేనే ఆ మాటను ఎక్కువగా నమ్మాను.

మేనేజరు కిటికీలోంచి డిపోలోని బస్సులను చూశాడు. "మెట్టు కిందికి ఉండే బస్సులు అడిగామమ్మా. కొన్ని వచ్చాయి, బీచి రోడ్డుకు వేశారు. మీ రూటుకు ఎప్పుడంటే అబద్ధం చెప్పలేను. టైము సంగతి మాత్రం నా చేతిలో కొంత ఉంది."

కొంతే జరిగింది. ఈశ్వరరావు బస్సుకు కొన్ని నిమిషాలు కలిశాయి. గుంట పూడ్చారు. బస్సు గట్టును ఆనుకుని ఆగింది. నూకరత్నం కూర్చుందో లేదో అద్దంలో చూసుకున్నాకే ఈశ్వరరావు కదిలేవాడు. కాసులమ్మ తట్ట గురించి మాత్రం నిబంధనలు చూడాలన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. లక్ష్మునాయుడు తన బస్సు వస్తుందో రాదో ముందుగా తెలుసుకునే రోజు చూడకుండానే వెళ్ళిపోయాడు. ఆసుపత్రి మంచం మీదే పోయాడట. ఆ సంగతి తెలిసిన ఉదయం, ఆయన ఎక్కే వేళకు నూకరత్నం నన్ను మెట్టు కింద పెట్టి, కాసేపు ఎవరినీ ఎక్కనివ్వకుండా నిలబడింది. ఈశ్వరరావు హారను కొట్టలేదు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒక సోమవారం పొద్దున కొత్త బస్సు వచ్చింది. చప్పుడు లేకుండా వచ్చి, గట్టును ఆనుకుని, తలుపు తెరిచింది. దాని నేల గట్టుతో సమానంగా ఉంది. నూకరత్నం అలవాటుగా నన్ను కిందికి దించబోయింది. దించడానికి చోటే లేక, నన్ను స్టాపు స్తంభానికి ఆనించింది. ఆమె ఒక అడుగు వేసింది, లోపల ఉంది. అంతే. వెనక్కి తిరిగి, తాను దాటిన చోటును చూసుకుంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఆమె కాలు వైపు చూడలేదు. కిటికీ పక్కన కూర్చుని కొంగు కళ్ళకు అద్దుకుంది.

"అప్పా! నీ పీట!" అని తట్టతో గట్టు మీదే ఆగిపోయిన కాసులమ్మ కేక వేసింది.

నూకరత్నం కిటికీలోంచి తల బయటపెట్టింది. "అక్కడే ఉండనీయే. ఎనకాలొచ్చే బస్సు పాతదే కదా!"

కొత్త బస్సు వెళ్ళిపోయింది. నేను స్తంభం పక్కనే మిగిలాను. కాసేపటికి పాత బస్సు కీచుమంటూ వచ్చి ఆగింది. నిండు చూలాలు ఒకామె మెట్టు వైపు చూసి నిట్టూర్చింది. కాసులమ్మ వంగి నా తాడు అందుకుంది.

"ఎక్కమ్మా, నిదానంగా ఎక్కు" అంటూ నన్ను ఆమె పాదం కిందికి జరిపింది.