దేవుడి దుప్పట్లు

పని ముగిసినట్టు లాండ్రీ కూత కూసింది. ఉతుకు గదిలో మనుషులు చేతులు తుడుచుకుంటూ గేటు దాటుతున్నారు. ఇస్త్రీ గదిలో ఆడవాళ్ళు మాత్రం కదల్లేదు. హోటళ్ళ పని తెమిలింది కానీ దేవుడి పని ఇంకా మొదలు కాలేదు.

తోపుడు బండి మీంచి తడి దుప్పట్ల మూట ధబ్బున నేల మీద పడింది. అవి చర్చి ఆసుపత్రివి. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఉచితంగా చేయించి పంపుతానని లాండ్రీ యజమాని ఏనాడో చర్చిలో నిలబడి మాటిచ్చాడు. మాట ఆయనది, ఒళ్ళు వీళ్ళది. రోజూ కూత అయ్యాక ఒక గంటసేపు, జీతం లేకుండా, వీళ్ళు ఆ దుప్పట్లు ఇస్త్రీ చెయ్యాలి. చర్చి గోడకి ఉన్న పాలరాతి మీద దాతల వరసలో ఆయన పేరు అందరికంటే పైన ఉంటుంది. ఆడవాళ్ళు వాటిని దేవుడి దుప్పట్లంటారు. మొదట్లో భక్తితోనే అనేవాళ్ళు.

ఇస్త్రీ మిషనుకి రెండు వేడి రోలర్లుంటాయి. ఇటు ఇద్దరు దుప్పటి అంచులు పట్టి లోపలికి అందిస్తే, అటు ఇద్దరు అందుకుని మడతపెడతారు. రోలర్ల ముందు అడ్డంగా ఒక ఇనప కడ్డీ ఉంది. చెయ్యి దానికి తగిలితే మిషను ఆగిపోతుంది. అయితే ఆసుపత్రి దుప్పట్ల అంచులు మందం. మాటిమాటికీ కడ్డీకి తగిలి మిషను ఆగేది, జీతం లేని గంట సాగుతూ పోయేది. ఇంటి దగ్గర పిల్లలు ఆకలికి ఏడుస్తూ ఉంటారు. అందుకని, గదిలో అందరికంటే ముందు చేరిన పెద్దక్క ఒకనాడు చిరిగిన దుప్పటి పేలిక తీసి ఆ కడ్డీని పైకెత్తి కట్టేసింది. పని చకచకా తెమిలింది. అందరూ ఆమెని నెత్తిన పెట్టుకున్నారు. మేస్త్రీ చూసి కూడా చూడనట్టు పోయాడు.

పోయిన వారం ఆ రోలర్లు పెద్దక్క చెల్లెలి కుడిచెయ్యి లాగేసుకున్నాయి.

పేలిక ఇంకా అలాగే ఉంది. ఎవరూ విప్పలేదు, పెద్దక్క కూడా విప్పలేదు. విప్పితే గంట మళ్ళీ సాగుతుంది. పెద్దక్క పక్కన, చెల్లెలి చోట ఇప్పుడు మడతల వదిన కోడలు నిలబడుతోంది. అటు పక్క మడతలు పెట్టీ పెట్టీ ఆ పేరే నిలిచిపోయిన వదిన, కోడల్ని తనే తీసుకొచ్చి పనిలో పెట్టించింది. ఖాళీ చోటు వేరే వాళ్ళ పాలవుతుందని ఆవిడ భయం.

"పెద్దక్కా, నీకోసం పాస్టరుగారొచ్చారు" అంది వదిన, ఎటో చూస్తూ.

పాస్టరుగారు గుమ్మంలోనే ఆగి ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పక్కన యజమాని ఉన్నాడు.

"ఆదివారం కొత్త వార్డు తెరుస్తున్నామమ్మా. బయటి నుంచి దాతలొస్తారు. నువ్వు సాక్ష్యం చెప్పాలి" అన్నాడు పాస్టరు.

మేలు పొందినవాళ్ళు ఆ చర్చిలో మైకు ముందుకొచ్చి ఆ మేలేమిటో చెప్పుకోవాలి. దాన్నే సాక్ష్యమంటారు.

"ఏం చెప్పాలండీ?"

"కొత్తగా చెప్పేదేముంది?" అన్నాడు యజమాని. "మీ అజాగ్రత్త వల్ల చెయ్యి పోయింది, చర్చి ఆదుకుంది. అంతే."

"మా అజాగ్రత్తా బాబుగారూ?"

"మరి ఆ కడ్డీ ఎవరు కట్టారు? నేను కట్టానా?"

వారం నుంచి పెద్దక్క లోపల కుమిలి చస్తున్న మాటనే ఆయన తీసి మొహాన కొట్టాడు.

"ఆ సంగతి ఆయన ఎవరి దగ్గరా అనలేదమ్మా" అని అందుకున్నాడు పాస్టరు. "బుధవారం మీ చెల్లెలికి రెండో ఆపరేషను. వేళ్ళు దక్కాలంటే అది జరగాలి. పెద్ద డాక్టరు వస్తున్నారు. అంతా ఈయన చలవే."

"నేను సాక్ష్యం చెప్పకపోతే ఆపరేషను ఆపేస్తారా అండీ?"

పాస్టరు యజమాని మొహం చూశాడు. యజమాని మిషను కేసి చూశాడు.

"మేలు మరిచినవాళ్ళకి మేలు చెయ్యాలని ఎవరికుంటుంది?" అన్నాడు అటే చూస్తూ.

పాస్టరు చెడ్డవాడేమీ కాదు. జబ్బు మనుషుల మంచాల పక్కన మోకాళ్ళ మీద కూర్చునే మనిషే. పెద్దక్కా చెల్లెలూ పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. వాళ్ళమ్మ ఆఖరి రోజుల్లో నోట్లో నీళ్ళు పోసింది అక్కడి నర్సే. ఆ మంచితనమే యజమాని చేతిలో కర్ర అయింది. మంచి పని నడవాలంటే కొందరి నోళ్ళు మూతపడాలని ఇంత చదువుకున్న పాస్టరు కూడా నమ్ముతున్నాడంటే ఒళ్ళు మండదా!

ఆదివారం పొద్దున పెద్దక్క ముందు ఆసుపత్రికి వెళ్ళింది. చెల్లెలు కట్టు చేతిని దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది.

"దుప్పటి మడత చూశావా? మన వదిన చేతివాటం. ఎప్పుడూ ఓ పక్కకి ఒంకరే" అని నవ్వింది. అంతలోనే ఆ నవ్వు ఆరిపోయింది. "చెప్పెయ్యక్కా. ఏం పోయింది, నోటి మాటేగా. నాకు వేళ్ళు కావాలి. వేళ్ళు లేకపోతే నాకు బతుకేది?"

"చెప్పేస్తాలే" అంది పెద్దక్క. ఆ క్షణంలో నిజంగానే చెబుదామనుకుంది.

కొత్త వార్డులో కుర్చీలన్నీ నిండిపోయాయి. మంచాల మీద దుప్పట్లు తెల్లగా ముడత లేకుండా ఉన్నాయి. దాతల్లో ఒకావిడ వంగి దుప్పటిని చేత్తో నిమిరింది. "ఇది మన పెద్దాయన ఉచిత సేవ" అన్నాడు పాస్టరు. చప్పట్లు మోగాయి. యజమాని వినయంగా తల వంచుకున్నాడు.

పెద్దక్క మైకు ముందుకొచ్చింది.

"మా అజాగ్రత్త వల్ల..." అని మొదలుపెట్టి ఆగిపోయింది.

వెనక వరసలో వదిన, ఆవిడ పక్కన కోడలు కూర్చుని ఉన్నారు. కోడలు ఏమీ తోచక కొంగు అంచుని వేళ్ళతో మడతపెడుతోంది, విప్పుతోంది. ఆ వేళ్ళని చూశాక పెద్దక్కకి నేర్చుకున్న మాటలు నోట రాలేదు.

"కడ్డీ నేనే కట్టాను. నా చేత్తోనే కట్టాను. దేవుడి ముందు అబద్ధమాడను. ఎందుకు కట్టానో కూడా వినండి. ఈ దుప్పట్లకి మాకు జీతం లేదు. పొద్దుటినుంచి నిలబడ్డ కాళ్ళతో, కూత అయ్యాక, ఊరికే చేస్తున్నాం. తొందరగా అయితే ఇంటికి పోతామని కట్టాను. అది కట్టి ఉందని మేస్త్రీకీ తెలుసు, బాబుగారికీ తెలుసు. ఇవాళ్టికీ విప్పలేదు. మా చెల్లి చోట ఇంకో పిల్లని నిలబెట్టారు. మీరు నిమిరే ఈ దుప్పట్లు..."

మైకు ఆగిపోయింది. ఎవరో సైగ చేస్తే పాటలవాళ్ళు పాట ఎత్తుకున్నారు. "కూర్చోబెట్టండి దాన్ని!" అని ఒక గొంతు అరిచింది. "విశ్వాసం లేని మనిషి!" అని ఇంకో గొంతు. దుప్పటి నిమిరినావిడ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. పాస్టరు కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థిస్తున్నాడో, చూడలేకపోతున్నాడో ఆయనకే తెలియాలి.

సోమవారం ఆమెని ఎవరూ పలకరించలేదు. మధ్యాహ్నం మేస్త్రీ వచ్చి కబురు చెప్పాడు. "డాక్టరు వస్తాడో రాడో తెలీదట. నీ ఉద్యోగం సంగతి కూడా చూస్తారట."

"నువ్వు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది" అంది వదిన. "మీ చెల్లి వేళ్ళు నువ్వే తీశావు, మొదట కడ్డీ కట్టి, ఇప్పుడు నోరు విప్పి."

అందులో సగం నిజమేనని పెద్దక్కకి తెలుసు. ఆ సగమే ఆమెని నిలువునా కోసేస్తోంది.

సాయంత్రం కూత కూసింది. మూట వచ్చి పడింది. కోడలు తన చోట నిలబడింది. పెద్దక్క మిషను దగ్గరికి వెళ్ళింది. వేడికి బిగుసుకుపోయిన పేలిక ముడి గోళ్ళకి లొంగలేదు. పళ్ళతో లాగి విప్పింది. కడ్డీ టంగుమని కిందికి దిగింది. ఆమె పేలికని మూట మీద పడేసి, తన అన్నం డబ్బా అందుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు మేస్త్రీ.

"ఇంటికండీ. కూత అయింది."

"ఇవి పంపకపోతే ఇవాళ మీ చెల్లి దేని మీద పడుకుంటుందే?" అని అరిచింది వదిన.

పెద్దక్క ఆగింది. వెనక్కి వచ్చి మూట విప్పి, పైనున్న తడి దుప్పటి ఒకటి తీసి భుజాన వేసుకుంది. నీళ్ళు కారి జాకెట్టు తడిసిపోయింది.

"మా చెల్లిది నేను తీసుకుపోతున్నా. మా ఇంట్లో, నా చేత్తో ఇస్త్రీ చేసి నేనే పరుస్తాను. తక్కినవి బాబుగారు ఇచ్చిన మాట. ఆయన్నే వచ్చి చేసుకోమను."

ఆమె వెళ్ళిపోయింది. గుమ్మం దాకా నేల మీద తడి చారలు మిగిలాయి.

రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి. కోడలు ఒక దుప్పటి తీసి ఒక అంచు పట్టుకుని నిలబడింది. రెండో అంచు నేల మీద వేలాడుతోంది. "వదినా, నువ్వు ఇటొచ్చి పట్టుకో" అన్నాడు మేస్త్రీ. వదిన కదల్లేదు. కిందికి దిగిన కడ్డీని చూసింది, మూట మీది పేలికని చూసింది, కోడలి వేళ్ళని చూసింది.

"నీకే చెబుతున్నా, పట్టుకో" అని మేస్త్రీ గద్దించాడు.

ఆవిడ తన రెండు చేతుల్నీ చంకల్లో దాచుకుంది.