కోటా అయిపోయిందన్నాడు

2004 మే పదకొండున చెన్నైలోని అమెరికా కాన్సులేటులో గౌరీశంకర్‌కు స్టూడెంట్ వీసా ఇవ్వలేదు. ఇంటర్వ్యూ రెండు నిమిషాల్లోపే అయిపోయింది. పదమూడున టెక్కలి తిరిగి వచ్చి, అడిగినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పాడు.

"ఆ రోజు కోటా అయిపోనాదిరా. నా ముందోడితోనే అయిపోనాది."

అలాంటి కోటా ఏదీ లేదు. టెక్కలిలో అతను చదివిన ఇంజినీరింగు కాలేజీలో అతనికంటే ముందు కాన్సులేటు దాకా వెళ్ళినవాళ్ళు లేరు కనుక కాదనేవాళ్ళూ లేరు.

జరిగింది వేరు. విదేశాలకు దరఖాస్తు చేసిన ఇంజినీరింగు విద్యార్థులందరి దగ్గరా హైదరాబాదు నుంచి వచ్చిన జిరాక్స్ కాగితాలు ఉండేవి. డెబ్బై రెండు ప్రశ్నలు, వాటికి ఇంగ్లీషులో జవాబులు. పరీక్షకు గైడు చదివినట్టే వాటినీ బట్టీ పట్టేవారు. 'ఈ యూనివర్సిటీనే ఎందుకు?' అని అద్దం వెనక కూర్చున్న ఆఫీసరు అడగ్గానే గౌరీశంకర్ పదకొండో జవాబు అందుకున్నాడు. రెండో వాక్యం దగ్గర ఆవిడ చెయ్యెత్తింది.

పొద్దున్నుంచి ఈ మాట తనకు చెప్పినవాళ్ళలో నువ్వు నాలుగోవాడివి అంది. సొంతంగా చెప్పేదేమైనా ఉందా అని అడిగింది.

గౌరీశంకర్ అదే జవాబు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఆవిడ పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేసింది.

ఈ సంగతి అతను తండ్రికి కూడా చెప్పలేదు. తండ్రి సూర్యారావుకు నందిగాంలో పొలం ఉంది, మండలంలో పలుకుబడి ఉంది. కొడుకు అమెరికా వెళుతున్నాడని ఏప్రిల్‌లోనే ఊరందరికీ చెప్పి ఉన్నాడు.

మే నెలాఖరులో ప్రదీప్ కుమార్ టెక్కలిలో గౌరీశంకర్ అద్దెకున్న గదికి వచ్చాడు. నాలుగేళ్ళు ఇద్దరూ ఒకే బెంచీ. ప్రదీప్ రోజూ పలాస నుంచి బస్సులో వచ్చేవాడు. అతని తండ్రి లూకా పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కాల్చే డ్రమ్ము దగ్గర పంతొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాడు. మొదటి ఏడాది ప్రదీప్‌కు సెలవు చీటీ ఇంగ్లీషులో రాసి పెట్టింది గౌరీశంకరే.

"బావా, వొచ్చినాదిరా," అని ప్రదీప్ కవరు చేతికిచ్చాడు.

అడ్మిషన్ కాగితం. ఫీజు యూనివర్సిటీయే భరిస్తుందని, లాబ్‌లో పని చేసినందుకు నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తుందని అందులో ఒక లైను ఉంది. గౌరీశంకర్ ఆ లైను రెండుసార్లు చదివాడు. తన కాగితంలో ఆ లైను లేదు.

"పార్టీ ఎప్పుడురా?" అన్నాడు.

"పార్టీ సరే. నువ్వు ఎల్లొచ్చినోడివి. ఆఫీసర్‌లాగ కూకోని నన్ను అడుగు. ఆళ్ళు ఎలగడిగితే అలగే."

గౌరీశంకర్ గదిలో కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. ప్రదీప్ బయట ఎండలో, ఊచలకు అవతల నిలబడ్డాడు. అలా పది రోజులు జరిగింది. మొదటి రోజు మూడో ప్రశ్నగా గౌరీశంకర్, ఈ యూనివర్సిటీనే ఎందుకని అడిగాడు.

ప్రదీప్ జిరాక్స్ చూడలేదు. ఇంగ్లీషులో తడుముకుంటూ చెప్పాడు. పిక్కలు కాలాయో లేదో తన తండ్రి వాసన పట్టి చెబుతాడని, జలుబు చేసిన రోజు పప్పు మాడిపోయి తిట్లు తింటాడని, ఆ వేడిని కొలిచే పరికరం కోసమే తను ఫైనలియర్ ప్రాజెక్టు చేశానని, ఆ యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ గింజలు ఆరబెట్టడం మీద పదేళ్ళుగా పని చేస్తున్నాడని.

కాన్సులేటులో ఆవిడ అడిగింది ఇలాంటి జవాబే. గౌరీశంకర్‌కు అది అక్కడికక్కడే తెలిసింది.

"పిక్కలు, డ్రమ్ములు ఆళ్ళకెందుకురా? నవ్వుతారు. పదకొండోది సదువు."

"అంతేనంటావా?"

"నానెల్లొచ్చినోణ్ణి గదా."

ప్రదీప్ పదకొండో జవాబు అప్పజెప్పాడు. నాలుగు తప్పులు దొర్లాయి. గౌరీశంకర్ నాలుగూ దిద్దాడు. అందరూ ఆ కాగితాలే చదివి వెళుతున్నారు కదా, నేను కొత్తగా చెప్పిందేముందని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం మెస్‌లో అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. చెన్నై నుంచి వచ్చాక అలా తినడం అదే మొదలు.

జూన్ ఇరవైన, ఆదివారం, పలాసలో చర్చివాళ్ళు ప్రదీప్ కోసం ప్రార్థన పెట్టారు. గౌరీశంకర్‌ను కూడా పిలిచారు. వెనక వరసలో కూర్చున్నాడు. పాస్టరు ప్రార్థిస్తుంటే అందరూ కళ్ళు మూసుకున్నారు. అతను మూసుకోలేదు. వాచీ చూసుకున్నాడు. ప్రదీప్ పేరు మీద ప్రార్థన పదకొండు నిమిషాలు సాగింది. తన కోసం వాళ్ళమ్మ అరసవల్లి గుడిలో చేయించిన అర్చన రెండు నిమిషాల్లో అయిపోయింది.

తర్వాత లూకా వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బాబూ, మావోడికి అన్నీ నువ్వే నేర్పినావంట. నీ మేలు మర్సిపోము."

"అయ్యో, నానేటి సేసినాను," అన్నాడు గౌరీశంకర్.

ఆ సాయంత్రం స్టేషన్‌కు కూడా వెళ్ళాడు. మద్రాసు బండి నలభై నిమిషాలు ఆలస్యం. నలభై నిమిషాలూ ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. చెప్పడానికి అది సరిపోయే సమయం. బండి కదిలాక గౌరీశంకర్ కిటికీ వెంట నాలుగడుగులు నడిచి, "పదకొండోది మర్సిపోకు," అన్నాడు.

ఇరవై రెండున ప్రదీప్‌కూ వీసా ఇవ్వలేదు. ఆ కబురు ఎస్టీడీ బూతు నుంచి ప్రదీప్ చెబుతుంటే గౌరీశంకర్ "అయ్యయ్యో" అని మూడుసార్లు అన్నాడు. ఫోను పెట్టేశాక వెళ్ళి గడ్డం గీయించుకున్నాడు.

ఇరవై ఐదున గౌరీశంకర్ టెక్కలి బస్టాండు పక్కన మహాలక్ష్మి టీ దుకాణానికి వెళ్ళేసరికి ప్రదీప్ అక్కడ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఏడెనిమిది మంది జూనియర్లు. తలదించుకుని ఉంటాడనుకున్నాడు. ప్రదీప్ చెయ్యెత్తి, ముక్కు మీద లేని కళ్ళజోడు సర్దుకుని, ఆఫీసరులా మాట్లాడుతున్నాడు.

"ఇలగ సెయ్యెత్తినాదిరా. 'బాబూ, నిన్నటి నుంచి ఇది తొమ్మిదోసారి, నాకే నోటికొచ్చేసినాది' అంది. పక్క కిటికీలో తమిళోడు కూడా అదే సెప్తున్నాడు, ఇటు నాను, అటు ఆడు. స్కూల్లో ఎక్కాలు సదివినట్టు."

అందరూ నవ్వారు. మహాలక్ష్మి టీ పొయ్యడం ఆపి నవ్వింది.

"ఆ జిరాక్స్ తగలెట్టీండిరా," అన్నాడు ప్రదీప్. "మీ సొంత మాట ఉంటే సెప్పండి. నేకపోతే ఎల్లకండి. నాను మళ్ళీ ఫీజు కడతాను, జూలై ఇరవై తొమ్మిదికి ఇంటర్వ్యూ దొరుకుతాదంట."

ఢిల్లేశ్వరరావు అనే జూనియర్ నోట్‌బుక్ తీసి రాసుకుంటున్నాడు. పోలారావు అనే ఇంకో జూనియర్ ప్రదీప్‌కు మరో టీ చెప్పాడు. కిటికీలు ఎన్ని, ఎంతసేపు నిలబెట్టారు, చొక్కా ఏ రంగు వేసుకోవాలి అని అడుగుతున్నారు. గౌరీశంకర్ బల్ల చివర నిలబడి ఉన్నాడు. నెలన్నరలో తనను ఒక్కరూ ఇలా అడగలేదు. కోటా అనగానే ఊరుకున్నారు. రిజెక్టు అయిన ప్రదీప్‌కు రెండు టీలు వచ్చాయి.

"ఆవిడ ఆ మాట ముందు నాతో అంది," అన్నాడు గౌరీశంకర్.

అందరూ తిరిగి చూశారు.

"మే పదకొండునే అంది. నాను నాలుగోవోణ్ణి. నీకంటే ముందు నాకే సెప్పినాది."

మహాలక్ష్మి గ్లాసు కింద పెట్టింది. "అదేటి బాబూ, కోటా అయిపోనాదన్నావు గదా?"

ఎవరూ నవ్వలేదు. ప్రదీప్ అతనికేసి చూశాడు.

"మే పదకొండునా?"

"ఊఁ."

"మరి నాను ఆ పిక్కల సంగతి సెప్పినప్పుడు నీకు తెల్సు."

గౌరీశంకర్ బస్సులు వచ్చే రోడ్డుకేసి చూశాడు.

"మా నాయన సేతులట్టుకున్నప్పుడు కూడా తెల్సు."

పలాస బస్సు వచ్చింది. ప్రదీప్ లేచి ఫైలు చంకలో పెట్టుకుని ఎక్కాడు. టీ తాగకుండానే వెళ్ళాడు.

జూలై ఇరవై తొమ్మిదిన ప్రదీప్‌కు వీసా వచ్చింది. ఆ కబురు ఆగస్టు రెండున ఢిల్లేశ్వరరావు గౌరీశంకర్ గదికి వచ్చి చెప్పాడు. జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"ప్రదీపన్న నీకిమ్మన్నాడు. ఈసారి ఏటేటి అడిగినారో రాసినాడు. నువ్వు మళ్ళీ కడితే పనికొస్తాదని."

ప్రదీప్ చేతిరాత. ఏడు ప్రశ్నలు, ఒక్కొక్క దాని కింద తను చెప్పిన జవాబు. గౌరీశంకర్ నిలబడే చదివాడు. చదివి మళ్ళీ మొదటికి వచ్చాడు.

"ఇంతేనా? ఇంకేటీ అడగలేదా?"

"ఇంతేనన్నా."

"అన్నీ రాసినాడంటావా?"

ఢిల్లేశ్వరరావు అతనికేసి చూశాడు. గౌరీశంకర్ కాగితం వెనక్కి తిప్పి చూశాడు. అటువైపు ఏమీ రాసి లేదు.